గుమ్మయ్య ఏడిస్తే

మైకు నాది. వైర్లు నావి, బాక్సులు నావి, ఆటో కూడా నాదే. గొంతు మాత్రం భీమేష్‌ది. పేరొచ్చింది గొంతుకు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. ఎల్లారెడ్డిలో ఈ సంగతి ఎవరికి చెప్పుకున్నా నవ్వుతారు గనక మీకు చెబుతున్నాను.

బస్టాండు వెనక మైసన్న టెంట్ హౌస్ ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు. ఆ మైసన్నను నేనే. షామియానాలు, కుర్చీలు, వంటగిన్నెలు, మైకుసెట్లు కిరాయికి ఇస్తాను. భీమేష్ నా దగ్గర మైకు మనిషి. ఆటో మీద మైకు కట్టుకొని బట్టల దుకాణం తగ్గింపులు, కంటి పరీక్షల క్యాంపులు, తప్పిపోయిన బర్రెలు, అన్నీ ఊరూరా చెప్పుకుంటూ తిరుగుతాడు. పెళ్ళిళ్ళలో కట్నాలు చదివేది కూడా అతనే. "పెండ్లికొడుకు మేనమామ, పెద్దకొడప్‌గల్ వాస్తవ్యులు, ఫ్యానూ!" అని అతను చదివితే ఆ ఫ్యాను తెచ్చిన మనిషి కారు తెచ్చినవాడిలా తలెత్తి చూస్తాడు. అంతటి గొంతు. లేదని నేను ఎన్నడూ అనలేదు.

పదేళ్ళు దాటింది, పోచారం చెరువు దగ్గర బండల మధ్య 'నింగి నావ' అనే సీరియల్ వాళ్ళు షూటింగ్ పెట్టారు. ఆదివారం సాయంత్రాలు టీవీలో వచ్చేది, ఇప్పటికీ వస్తున్నది. అంతరిక్షంలో ఒక నౌక తిరుగుతుంటుంది, వారానికో గ్రహం, గ్రహానికో గొడవ. మా పోచారం బండలు వాళ్ళకు మనుషులే లేని గ్రహంలా కనిపించాయట. నాగిరెడ్డిపేట మొత్తం చూడటానికి తరలివచ్చింది. సరిగ్గా అప్పుడే వాళ్ళ మైకు చెడిపోయింది. నాకు ఫోన్ చేశారు. నేను మైకు పంపాను, మైకుతో పాటు భీమేష్‌ను పంపాను. చేసిన పొరపాటు అదే.

జనాన్ని పక్కకు జరపమని మైకు అతని చేతికే ఇచ్చారు. "ఓ తెల్లంగి కాకా! జెర పక్కకు జరుగు. నువ్వు గిప్పుడు వేరే గ్రహంల నిలబడ్డవ్. గీడ మనుషులింక పుట్టనే లేదు" అన్నాడు. డైరెక్టర్ పొట్ట పట్టుకొని నవ్వాడు. నౌకలో ఊడ్చే మరబొమ్మ ఒకటి ఉండేది, వడ్లు పోసే గుమ్మిలా గుండ్రంగా. అప్పటిదాకా దానికి మాట లేదు. ఆ సాయంత్రమే దానికి గుమ్మయ్య అని పేరు పెట్టారు, భీమేష్ గొంతు పెట్టారు.

ఇక చూడండి. నౌకలో కెప్టెన్, డాక్టర్, ఇంజనీరు అందరూ పుస్తకంలో మాటలు మాట్లాడతారు. గుమ్మయ్య ఒక్కడే చీపురు పట్టుకొని "ఏంది సారూ గిది, గ్రహాలన్ని మీరు తిరిగొచ్చి దుమ్మంత నా నెత్తిన పోస్తున్నరు" అంటాడు. రాష్ట్రమంతా నవ్వింది. భీమేష్ నెలకోసారి కామారెడ్డి దాకా బస్సులో పోయి, అక్కడ రైలెక్కి, హైదరాబాదులో గాజుగదిలో కూర్చొని గొంతు ఇచ్చి వచ్చేవాడు. బస్సులో కండక్టర్ లేచి సీటు ఇచ్చేవాడు. హోటల్లో చాయ్ ఇచ్చేవారు, పైసలు ముట్టేవారు కారు. పెళ్ళివాళ్ళు నా దగ్గరికి వచ్చి "మైకు ఏదైతే ఏంది మైసన్నా, గుమ్మయ్య వస్తడా?" అని అడిగేవారు. మైకు ఏదైతే ఏందట! నాకు కుళ్ళు లేదని ఎందుకు చెప్పాలి? రాత్రి అన్నం సహించేది కాదు.

అలాంటి నాకు పోయిన ఏడాది ఒక వింత కనపడింది. భీమేష్‌కే కుళ్ళు పుట్టింది.

హైదరాబాదులో కాలేజీ పిల్లలు కొందరు ఆ సీరియల్ వాళ్ళను నిలదీశారట. మీ నౌకలో మా మాట మాట్లాడేది ఊడ్చే బొమ్మ ఒక్కటేనా, నవ్వడానికే పనికొస్తుందా మా మాట, అని. ఇంకా చాలా అడిగారు. చెడ్డ గ్రహం వాళ్ళందరికీ నల్లరంగు ఎందుకు పూస్తారు, ఆడమనిషి ఎప్పుడూ కాఫీ తెచ్చే పాత్రేనా, కాలు లేనివాడు నౌకలో ఎందుకుండడు, అని. పిల్లలు అడిగింది తప్పని నేను అనను. ఇన్నేళ్ళు చూసినా నాకే తోచలేదు, అదీ బాధ. సీరియల్ వాళ్ళు భయపడ్డారో బుద్ధి తెచ్చుకున్నారో గాని, ఇక నుంచి ఇది అందరి నౌక అన్నారు. చెడ్డ గ్రహం వాళ్ళు ఆకుపచ్చగా మారారు. ఇంజనీరు చక్రాల కుర్చీలో వచ్చాడు. ఆడా మగా తేడానే లేని గ్రహం ఒకటి పుట్టింది. అన్నిటికంటే పెద్ద సంగతి, పాత కెప్టెన్ పోయి కొత్త కెప్టెన్ వచ్చింది. ఆడమనిషి. మా దిక్కు మనిషి. మా మాటే మాట్లాడుతుంది.

ఆ గొంతు కోసం వాళ్ళు ఫోన్ చేసింది భీమేష్‌కే. మీలా మాట్లాడే ఆడగొంతు ఎవరిదైనా తెలుసా అని. అతను ఉబ్బిపోయి తన మరదలు అనిల పేరు చెప్పాడు. కొరివితో తల గోక్కోవడం అంటే అదే.

అనిల అతని భార్య మానసకు చెల్లెలు. నాగిరెడ్డిపేటలో తల్లి ప్రమీలమ్మ దగ్గర ఉంటుంది, పాల కేంద్రంలో పాలు కొలుస్తుంది. బతుకమ్మకు పాట ఎత్తుకునేది ఆమే. ఆమె ఎత్తుకుంటే చెరువు అవతలి వాళ్ళు కూడా అందుకుంటారు. మైకు అక్కర్లేని గొంతు, నా వ్యాపారానికి చెడ్డ గొంతు. మరదలిని వెంటబెట్టుకొని, రైలంతా "గాజుగదిల బెదరకు, నేనుంట" అని ధైర్యం చెప్పుకుంటూ భీమేష్ తీసుకుపోయాడు. ఆమె ఒక్క మాట చెప్పగానే వాళ్ళు ఖాయం చేశారు. అతనికి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, ఇన్నేళ్ళూ మీ మాటను ఊడ్చే బొమ్మకు పెట్టి నవ్వించాం, తప్పయింది, ఇక గుమ్మయ్యకు వేరే గొంతు పెడుతున్నాం, ఇదంతా మీ గౌరవం కోసమే, అన్నారు.

తిరిగొచ్చి నా కుర్చీల గుట్ట మీద కూలబడ్డాడు. "నా ఇజ్జత్ కోసమట మైసన్నా. నా ఇజ్జత్ కోసం నా నోరు మూసిండ్రు."

"అనిలకు వచ్చింది గద. ఇంట్ల మనిషే గద" అన్నాను.

"ఇంట్ల మనిషి కాబట్టే" అన్నాడు.

లోపల లోపల నాకు కాస్త సంతోషం కలిగిన మాట నిజం. తర్వాత తెలిసింది, ఎదుటివాడి కడుపుమంట దగ్గరి నుంచి చూస్తే మన మంట ఏమీ చల్లారదని.

అప్పటి నుంచి భీమేష్‌కు మరదలు ఏం చేసినా గిట్టలేదు. ఆమె మిఠాయి తెస్తే పంటి నొప్పి అన్నాడు. ప్రమీలమ్మ "మా అనిల కెప్టెన్ అయింది" అని పాల కేంద్రం దగ్గర చెప్పుకుంటే "కెప్టెన్ ఏందత్తమ్మా, మొకం ఇంకోరిది, గొంతే గద దానిది" అన్నాడు. తన మొహం కూడా ఏనాడూ తెర మీద లేదన్న సంగతి గుర్తుకు రాలేదు. అక్క ఇంటికి వచ్చినప్పుడు అనిల గదిలో తన మాటలు వల్లె వేసుకుంటుంటే గోడ ఇవతల నిలబడి వినేవాడు. అవే మాటలు ఆటోలో ఒక్కడే చెప్పుకునేవాడు. లింగంపేట రోడ్డు మీద, మైకు బంద్ చేసుకొని, "నౌకను మల్లించుండ్రి! నా మనుషులు ఇంక కిందనే ఉన్నరు" అని కెప్టెన్‌లా అరుస్తుంటే నేను ఒకసారి చెవులారా విన్నాను. నిజం చెప్పాలంటే అనిల కంటే బాగా చెప్పాడు. ఆ మాట అతనితో అనలేదు, అంత మంచివాడిని కాను.

ఎల్లారెడ్డిలో వారం సంత జరిగే అంగడి రోజు. కామారెడ్డిలో కొత్తగా తెరిచిన చెప్పుల దుకాణం ప్రచారం మాకు వచ్చింది. నేను కూడా ఆటోలో వెనక కూర్చున్నాను. బజారు మధ్యలో చింతపండు అమ్మేవాళ్ళ పక్కన ఆటో ఆపాడు. మైకు ఒళ్ళో పెట్టుకొని నీళ్ళు తాగాడు. ఇద్దరం మాటల్లో పడ్డాం.

"సీన్ తెలుసా మైసన్నా నీకు?" అన్నాడు. "కెప్టెన్ బాపు ఊర్ల సచ్చిపోతడట. నౌకలకు కబురొస్తదట. ఏడ్వాలెనట. అనిలకు చెప్పిండ్రట, తొందర లేదమ్మా, నీ ఇష్టం వచ్చినంత సేపు ఏడువు అని."

"ఏడ్వనియ్యి, నీదేం పోయింది?"

"నాదేం పోయిందా?" అతని గొంతు పైకి లేచింది, 'సచ్చిపోయిండు' దగ్గర విరిగింది. "మా బాపు సచ్చిపోయిండని ఫోనొచ్చినప్పుడు నేను గా గదిలనే ఉన్న. గుమ్మయ్య నూనె తాగి పొర్లాడే సీను. నడుమ ఆపితే మల్ల మొదటి నుంచి చెయ్యాలన్నరు. పొర్లాడిన. పొర్లాడి పొర్లాడి అందర్ని నవ్విచ్చి వచ్చిన. నాకు ఏడ్వరాదా మైసన్నా? ఇన్నేండ్లల్ల ఒక్కనాడన్న, ఒరే భీమేషూ, గియ్యాల నువ్వు ఏడువురా అని అడిగినోడున్నడా? దాన్ని అడుగుతున్నరు! పాలు కొలిచేదాన్ని అడుగుతున్నరు!"

అప్పుడు వినిపించింది నవ్వు. ముందు చింతపండు దగ్గర, తర్వాత కూరగాయల దగ్గర, ఆ తర్వాత బజారంతా. మైకు బంద్ చేయలేదు. అతను మరిచాడు, నేను చూసుకోలేదు. అతని కడుపులోని మాటంతా బస్టాండు దాకా వినబడింది.

భీమేష్ ఆటో దిగాడు. కళ్ళ నిండా నీళ్ళు. జనం చుట్టూ మూగి చప్పట్లు కొట్టారు. "గుమ్మయ్యా! ఇంకోపాలి! గా నూనె తాగుడు ఇంకోపాలి చెప్పు!" అన్నారు.

"కామెడీ కాదే. నేను నిజంగనే ఏడుస్తున్న" అన్నాడు.

ఇంకా గట్టిగా నవ్వారు. చింతపండు అమ్మే ఆమె నవ్వు ఆపుకోలేక కూలబడి కళ్ళు తుడుచుకుంది. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. అతనంటే ప్రాణం పెట్టేవాళ్ళే. ఆ గొంతు విన్నప్పుడల్లా నవ్వడం అలవాటైపోయింది, అంతే. అతను అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూసి, ఆటో ఎక్కాడు.

ఎవరో వీడియో తీశారు. తెల్లారేసరికి అది అందరి ఫోన్లలో ఉంది. పొద్దున నేను ఆటో తాళం కోసం అతని ఇంటికి పోయేసరికి అనిల వచ్చి గడప మీద కూర్చొని ఉంది.

"బావా, నేను మానేస్త" అంది.

అతను చెప్పులు వెతుక్కుంటున్నాడు, తల ఎత్తలేదు. "ఎందుకు?"

"నువ్వు బాధపడుతున్నవ్ గద."

"నాకేం బాధ? కామెడీ చేసిన. అందరు నవ్విండ్రు, సూడలేదా?"

"సూసిన. నాకు నవ్వు రాలే బావా."

అతను చెప్పు వేసుకోవడం ఆపాడు. వంటింట్లోంచి మానస అరిచింది. "మానెయ్యమనన్న అను, మంచిగ చెయ్యమనన్న అను. రెండిట్ల ఒకటి నోరు తెరిచి చెప్పు! పొద్దూకులు గోడలకు చెవులు పెట్టుడు కాదు."

మానెయ్ అన్న మాట అతని నాలుక చివరి దాకా వచ్చింది. నేను చూశాను. ఒక్క మాట అంటే ఆ పిల్ల నిజంగానే మానేసేది. అతను రెండో చెప్పు వేసుకొని బయటికి వెళ్ళిపోయాడు. అనిల కొంగుతో మొహం తుడుచుకొని, ఆ ఏడుపు సీనుకు గొంతు ఇవ్వడానికి కామారెడ్డి బస్సు కోసం లేచింది.

కొత్త కెప్టెన్ వచ్చే మొదటి ఆదివారం నాగిరెడ్డిపేటలో ప్రమీలమ్మ తన ఇంటి ముందు పెద్ద తెర కట్టించింది. తెర, బాక్సులు నావే. వేరే మనిషిని పెట్టుకుంటానని భీమేష్‌తో అన్నాను. "బాక్సుల సంగతి వేరేటోల్లకు ఏం తెలుసు" అని అతనే వచ్చాడు. వచ్చి, సౌండు పెంచే తగ్గించే మిషన్ ముందు కూర్చొని, దాని మీద చెయ్యి వేశాడు. నాకు ఆ చెయ్యి నచ్చలేదు. పక్కనే కుర్చీ వేసుకున్నాను.

ఊరంతా చాపలు పరుచుకుంది. అనిల ముందు వరసలో తల్లి పక్కన తల వంచుకొని కూర్చుంది. సీరియల్ మొదలైంది. ఆడా మగా తేడా లేని గ్రహం గురించి చెబుతుంటే పక్కింటి పెద్దవ్వ "మరి గాడ వంట ఎవలు చేస్తరే?" అని అడిగింది. తర్వాత గుమ్మయ్య వచ్చాడు. కొత్త గొంతు. వార్తలు చదివినట్టు "దయచేసి కాళ్ళు పైకెత్తండి, శుభ్రం చేయాలి" అన్నాడు. పిల్లలు "గీనె మన గుమ్మయ్య కాదు!" అని గోల చేశారు. చాలా రోజుల తర్వాత భీమేష్ పెదవి కొంచెం సాగింది.

కెప్టెన్ వచ్చింది. అనిల గొంతు మొదటి మాట పలకగానే బాక్సుల సౌండు తగ్గింది. "సౌండు పెంచు అల్లుడా!" అని ప్రమీలమ్మ వెనక్కి తిరిగి అరిచింది. "మిషన్ గట్లనే ఉంది అత్తమ్మా" అన్నాడు. నేను అతని చేతి వైపు చూశాను. అతను నా వైపు చూసి, మెల్లగా పెంచాడు.

ఆ సీన్ వచ్చింది. నౌకలో కెప్టెన్ ఒక్కతే. కబురు వచ్చింది. తర్వాత, "బాపు పోయిండు. నన్ను సూడకుంటనే పోయిండు" అంది. ఆ 'పోయిండు' దగ్గర గొంతు విరిగింది. అంగడిలో, ఆటోలో, భీమేష్ గొంతు ఎట్లా విరిగిందో అట్లాగే. నాకు తెలిసింది, అతనికీ తెలిసింది. మిషన్ మీది చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

చాపల మీద చప్పుడు లేదు. పెద్దవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. పాల కేంద్రం దగ్గర ఎప్పుడూ మీసం తిప్పే మొగోళ్ళు కూడా తలలు దించుకున్నారు.

"నవ్వలే" అన్నాడు భీమేష్ నాకు మాత్రమే వినబడేటట్టు. "ఒక్కడు గూడ నవ్వలే మైసన్నా. గా ఏడుపు నాది."

అయిపోగానే ఊరు లేచి చప్పట్లు కొట్టింది. అనిలను ఆడవాళ్ళు చుట్టుముట్టారు. అంతలో బాక్సుల్లోంచి టక్ టక్ మని శబ్దం వచ్చింది. చూస్తే భీమేష్ మైకు పట్టుకొని నిలబడ్డాడు. వద్దురా అందామని లేచాను, అందలేదు.

"బాపు పోయిండు" అన్నాడు మైకులో. "నన్ను సూడకుంటనే పోయిండు."

అవే మాటలు. అదే విరుపు. అసలుది.

ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. పిల్లలు "గుమ్మయ్య! గుమ్మయ్య వచ్చిండు!" అని ఎగిరారు. పెద్దవ్వ ఇంకా తడి ఆరని కళ్ళతోనే నవ్వింది. భీమేష్ మైకు దించలేదు. నవ్వు ఆగుతుందేమోనని చూస్తున్నాడు. అది ఆగలేదు.

"నవ్వకుండ్రి!"

మైకు లేకుండానే ఆ గొంతు ఇంటి ముందంతా వినబడింది. అనిల చాప మీద నిలబడి ఉంది. "మా బావ మాట్లాడుతుండు. నవ్వకుండ్రి" అంది మళ్ళీ. కాసేపటి కింద నౌకను నడిపిన గొంతు అది. జనం నోళ్ళు మూసుకున్నారు. ఒక్కొక్కరే కూర్చున్నారు.

అంత నిశ్శబ్దం భీమేష్ మైకు ముందు ఎప్పుడూ చూడలేదు. మైకు ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "మా బాపు పేరు ఎంకయ్య" అన్నాడు చివరికి. "గీ చెరువు కింద పొలాలకు నీళ్లు కట్టేటోడు. మీ అందరికి ఎర్కనే. ఆయన పోయిన దినం నేను పట్నంల నవ్విపిస్తున్న. నేను వచ్చేసరికి కట్టెలు సల్లారినయ్." "గంతే" అని మైకు బంద్ చేశాడు. బంద్ అయిందో లేదో రెండుసార్లు నొక్కి చూసుకున్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఎంకయ్యతో కలిసి నీళ్ళు కట్టిన ముసలాయన ఒకడు వచ్చి భీమేష్ భుజం మీద చెయ్యి వేసి పోయాడు. అనిల దూరం నుంచే చూసింది, దగ్గరికి రాలేదు.

జనం పోయాక ఇద్దరం వైర్లు చుట్టాం. మనసు తేలికపడి ఉంటుందని నేను అనుకున్నాను. "నీ మాట విన్నరు గదరా ఆఖరికి" అన్నాను.

భీమేష్ వైరు చుట్ట భుజానికి తగిలించుకొని, లోపల వెలుగుతున్న అత్తగారి ఇంటి వైపు చూశాడు. లోపలి నుంచి అనిల నవ్వు వినబడుతున్నది.

"నా మాట యాడ విన్నరు మైసన్నా?" అన్నాడు. "దాని మాట విన్నరు."